రెండో సాక్షి

స్టవ్ మీది పాయసం గిన్నె మూత నిన్న సాయంత్రం నుంచీ ఎవరూ తీయలేదు.

తమ్ముడికి గ్రీన్ కార్డు వచ్చిందని చంద్రిక చేసిన పాయసం అది. తేజేశ్వర్ ఆ కార్డు కోసం పన్నెండేళ్ళు ఎదురుచూశాడు. చంద్రిక మెయిల్‌బాక్స్ నుంచి కవరు తెచ్చి, దేవుడి దగ్గర పెట్టి, మూలకి కుంకుమ అద్ది, చుట్టాలందరికీ వాట్సాప్‌లో ఫొటో పంపి, అప్పుడు పాలు స్టవ్ మీద పెట్టింది. జీడిపప్పు వేగుతుండగా తేజేశ్వర్ వీసా కేసు చూసే లాయరమ్మ ఫోన్ చేసింది. ఆ ఫోన్ తర్వాత ఇంట్లో ఎవరికీ తీపి మీదికి మనసు పోలేదు.

ఇప్పుడు శనివారం మధ్యాహ్నం. అరిజోనా ఎడారి ఊరు చాండ్లర్‌లో జూలై ఎండ ఎలా ఉంటుందో అలాగే ఉంది. తేజేశ్వర్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాడు. న్యూజెర్సీలోని పిస్కాటవే నుంచి రాగిణి వస్తోంది. ఆగస్టులో అతన్ని చేసుకుని ఈ ఇంటి కోడలు కావలసిన పిల్ల.

"నాకు ఇంకోసారి చెప్పండి," అంది చంద్రిక.

"ఎన్నిసార్లు చెప్పను?" దివాకర్ లాప్‌టాప్ మూశాడు.

"అర్థమయ్యేదాకా చెప్పండి. మా తమ్ముడి బతుకు కదా."

దివాకర్ ఓపికున్న మనిషి. భార్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తేజా మొన్నటిదాకా హెచ్ వన్ మీద ఉన్నాడు. అది టెంపరరీ. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే వీసా. కానీ టెంపరరీగా వచ్చినవాడు పెళ్ళి చేసుకుంటే భార్యకి హెచ్ ఫోర్ ఇస్తారు, నీకిచ్చినట్టు. జూన్ ఇరవై నాలుగున కార్డు అప్రూవ్ అయింది, మనకి నిన్న కవరొచ్చాకే తెలిసింది. ఆ రోజు నుంచి వాడు పర్మనెంట్. హెచ్ వన్ పోయింది. హెచ్ వన్ లేకపోతే హెచ్ ఫోర్ ఎక్కడిది?"

"కార్డున్నవాడి భార్యకి కార్డే ఇవ్వచ్చుగా?"

"కార్డొచ్చే రోజుకి భార్య అయ్యుంటే వాడి కేసులోనే ఇద్దురు. తర్వాత చేసుకుంటే వేరే లైను. కొత్తగా అప్లై చేసి, చివర నిలబడాలి. రెండేళ్ళో, మూడేళ్ళో, ఇంకా ఎక్కువో, లాయర్ కూడా చెప్పలేనంది. అంతదాకా రాగిణి తన సొంత వీసా మీద నెట్టుకురావాలి. ఆమెది స్టూడెంట్ వీసా. దాని మీద ఇచ్చిన వర్క్ పర్మిట్ ఆగస్టు ఇరవై తొమ్మిదికి అయిపోతుంది. హెచ్ వన్ లాటరీలో మూడుసార్లు పేరు రాలేదు. అందుకే కదా పెళ్ళవగానే హెచ్ ఫోర్ అనుకున్నాం."

చంద్రిక వింటూ టేబుల్ మీది పసుపు మరకను గోటితో గీకుతోంది. పదకొండేళ్ళుగా ఆమె ఈ దేశంలో హెచ్ ఫోర్ మీదే ఉంది. వీసా ఎప్పుడు అయిపోతే అప్పుడు డ్రైవింగ్ లైసెన్సూ అయిపోతుంది. ఆ ఇంట్లో ఫ్రిజ్‌లోని పెరుగు డబ్బాకీ ఇంటావిడకీ కూడా గడువు తేదీ ఉంటుందని దివాకర్ అప్పుడప్పుడూ ఏడిపిస్తుంటాడు. అలాంటి మనిషికి పర్మనెంట్ అన్న మాట ఎంత గొప్పగా వినబడి ఉంటుంది? టెంపరరీవాడికి ఇచ్చేవన్నీ పర్మనెంటువాడికి ఇస్తారు, పైన ఇంకొంచెం కూడా ఇస్తారు అనుకుంది. అలా అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

"ఇంకా రెండేళ్ళదాకా రాదన్నాడుగా తేజా," అంది.

"అందరం అలాగే అనుకున్నాం. తేదీలు ఎప్పుడు కదులుతాయో ఎవరికి తెలుసు? అందుకే లాయరమ్మ ఏప్రిల్‌లోనే, ఎందుకైనా మంచిది పెళ్ళి రిజిస్టర్ చేసుకోండి అంది. పిల్లలిద్దరూ వెళ్ళి కౌంటీ ఆఫీసులో పెళ్ళి లైసెన్స్ కూడా తెచ్చుకున్నారు."

"అనండి. నేనే ఆపానని అనండి."

"నేనేం అనలేదు చంద్రికా."

"మీరు అనకపోతేనే నాకు ఎక్కువ వినబడుతోంది."

ఏసీ ఆగి, మళ్ళీ మొదలైంది. పై గదిలో పదేళ్ళ కూతురు హాసిని ఎవరితోనో ఇంగ్లీషులో నవ్వుతూ మాట్లాడుతోంది.

కాసేపటికి దివాకర్ లేచి దేవుడి అల్మరా దగ్గరికి వెళ్ళాడు. కింది సొరుగు లాగి, పెళ్ళి లైసెన్స్ కాగితం తెచ్చి భార్య ముందు పెట్టాడు. ఏప్రిల్‌లో చంద్రిక తానే నాలుగు మూలలా పసుపు రాసి ఆ సొరుగులో దాచింది. శ్రావణంలో గుడిలో తాళి కట్టాక, అప్పుడు సంతకాలు అంది. కాగితం మీద పెళ్ళి ముందు, పీటల మీద పెళ్ళి తర్వాత అంటే ఆమెకి మనసొప్పలేదు.

కింద సాక్షుల గడులు రెండున్నాయి. మొదటి గడిలో సంతకం ఉంది. దివాకర్‌ది.

చంద్రిక తలెత్తి చూసింది.

"లైసెన్స్ ఏడాదిదాకా చెల్లుతుంది," అన్నాడు దివాకర్, గొంతు తగ్గించి. "పెళ్ళి జరిగిన ముప్పై రోజుల్లోపల కౌంటీ ఆఫీసులో ఇచ్చేయాలి. జూన్ పద్నాలుగు శనివారం రాగిణి ఇక్కడే ఉంది కదా, బ్లౌజుల కొలతలకి. ఫొటోలు కూడా ఉన్నాయి. ఆ రోజే పెళ్ళయిందని రాస్తే, ఎల్లుండి సోమవారానికి సరిగ్గా ముప్పై రోజులు. కార్డు అప్రూవ్ అవ్వడానికి పది రోజుల ముందే వాళ్ళు భార్యాభర్తలు."

"జరగని పెళ్ళి జరిగిందని?"

"మూడు నెలల్నుంచీ జరగాల్సిన పెళ్ళే కదా."

"తేజాకి తెలుసా?"

"తెలియదు. రాధాకృష్ణగారిని నాలుగింటికి రమ్మన్నాను. గుడిలో పెళ్ళిళ్ళు చేయించేది ఆయనే కదా, ఆయన సంతకం ఉండాలి. తేదీ సంగతి ఆయనకి చెప్పలేదు. గడి ఖాళీగా పెట్టించి తర్వాత మనమే నింపుకుందాం. నీ సంతకం ఒక్కటే కావాలి."

చంద్రిక ఆ సంతకాన్నే చూస్తూ కూర్చుంది. దివాకర్ ఎలాంటి మనిషో ఆమెకి తెలుసు. పురుగు కూడా కనబడని రోడ్డు మీద స్టాప్ బోర్డు దగ్గర కారు ఆపి, మూడు అంకెలు లెక్కపెట్టి, అప్పుడు కదులుతాడు. అతని సొంత గ్రీన్ కార్డు ఇంకా వరుసలోనే ఉంది. ఈ అబద్ధం బయటపడితే తేజాది పోతుంది, అతనిదీ పోతుంది, చంద్రికదీ పోతుంది. అన్నీ తెలిసి ఆ మనిషి ఈ పూట ఎప్పుడో కూర్చుని, తన పేరు గుండ్రంగా రాసి పెట్టాడు. బావమరిది కోసం, అంతకంటే ఎక్కువగా భార్య మొహం చూడలేక. చంద్రికకి కోపం వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి. ఏది ముందు వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"జూన్ పద్నాలుగున మూఢం ఉంది," అంది చివరికి. "పెళ్ళికి పనికిరాదన్న రోజు అబద్ధానికి పనికొచ్చిందా?"

"ఏం చేయమంటావ్ మరి?"

ఆమె పెన్ను చేతిలోకి తీసుకుంది. మూత తీసింది. అప్పుడే గరాజ్ తలుపు లేచిన చప్పుడైంది.

రాగిణి చిన్న సూట్‌కేసు ఈడ్చుకుంటూ వచ్చింది. వెనకాల తేజేశ్వర్, పెట్టె తాను మోస్తానని అడిగి కాదనిపించుకున్నవాడిలా చేతులు ఊరికే వేలాడేసుకుని వచ్చాడు. దారంతా ఇద్దరూ మాట్లాడుకోలేదని చూడగానే తెలుస్తోంది.

"అత్తా!" హాసిని మెట్లు దిగి పరుగెత్తుకొచ్చి రాగిణిని పట్టుకుంది. "నువ్వు సండే కూడా ఉంటున్నావా?"

"చూద్దాం బంగారం."

రాగిణి నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. చేతులు కడుక్కుని, స్టవ్ మీది గిన్నె మూత తీసి చూసింది. పైన మీగడ కట్టి, కింద సేమియా ముద్దయింది.

"ఎవరూ తినలేదా వదినా?"

"ఎవరికి సయిస్తుందమ్మా."

రాగిణి చిన్న స్టీలు గిన్నెలో రెండు గరిటెలు వేసుకుంది. నిలబడే తింది. నలుగురూ చూస్తున్నారని తెలిసే తింది.

"పంచదార కొంచెం తగ్గింది," అంది. "శుభవార్తే కదా. పన్నెండేళ్ళకి వచ్చింది. నా వంతు నేను తినాలి."

ఇదే పిల్ల తిట్టి ఉంటే చంద్రికకి ఇంత కష్టంగా ఉండేది కాదు.

ఈలోపల తేజేశ్వర్ కళ్ళు టేబుల్ మీది కాగితం మీద పడ్డాయి. తీసి చదివాడు. సాక్షి సంతకం చూశాడు, ఖాళీగా ఉన్న తేదీ గడి చూశాడు, బావ మొహం చూశాడు. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో పద్దెనిమిది మంది చేత పని చేయించే మనిషికి రెండూ రెండూ కలపడానికి ఎంతసేపు పడుతుంది.

"ఏ తేదీ వేద్దామని బావా?"

"జూన్ పద్నాలుగు."

తేజేశ్వర్ కుర్చీలో కూలబడ్డాడు. కాగితం మాత్రం కింద పెట్టలేదు. చాలాసేపు ఆ గడి వైపే చూశాడు.

"నడుస్తుందా ఇది?" అన్నాడు మెల్లగా.

వంటింటి గట్టు దగ్గర రాగిణి స్పూను ఆగింది.

ఆమె వచ్చి అతని చేతిలోంచి కాగితం తీసుకుంది. చదివాక కోప్పడలేదు. టేబుల్ మీద పరిచి, అంచులు సరిచేసి, చంద్రిక ఎదురుగా కూర్చుంది.

"హాసినీ, పైకి వెళ్ళు నాన్నా," అన్నాడు దివాకర్. హాసిని మూడు మెట్లు ఎక్కి అక్కడే ఆగింది.

"వదినా, జూన్ పద్నాలుగున ఏం జరిగిందో మీకు గుర్తుందా?" అంది రాగిణి.

చంద్రిక చేతిలోని పెన్ను అటూ ఇటూ తిప్పింది.

"బ్లౌజు కొలతలు అయ్యాక మనిద్దరం మీ రూములో ఉన్నాం. నేను మిమ్మల్ని అడిగాను. కార్డు ఎప్పుడైనా రావచ్చు వదినా, ఒక్క సంతకం పెట్టేసుకుంటాం, ఎవరికీ చెప్పం, గుడిలో పెళ్ళి మీ ఇష్టప్రకారమే అన్నాను. మీరు వద్దన్నారు. మూఢంలో సంతకమైనా పెళ్ళే అన్నారు. నేను బాత్‌రూంలోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని బయటికొచ్చి, ఫొటోలు దిగాను. రేపు సాక్ష్యమని చూపించాల్సిన ఫొటోలు అవే."

దివాకర్ తల తిప్పుకున్నాడు. తేజేశ్వర్ అక్క వైపు చూశాడు. ఈ సంగతి అతనికి ఇవాళే తెలిసింది.

"అక్కా, రాగిణి అడిగిందా నిన్ను?"

"అడిగింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు సరేనంటావని."

రాగిణి వేలితో తేదీ గడి చూపించింది.

"మీరు వద్దన్న రోజునే చేసుకున్నామని రాస్తారా వదినా? రేపు వీసా ఆఫీసరు నన్ను కూర్చోబెట్టి, ఆ రోజు ఏం జరిగిందమ్మా అని అడిగితే, నాకు గుర్తొచ్చేది ఆ బాత్‌రూమే."

చంద్రిక పెన్ను మూత పెట్టింది. మూత సరిగా పడక, రెండోసారి నొక్కింది.

"నా పెళ్ళికి ముహూర్తం ఎవరు పెట్టారో తెలుసా నీకు?" అంది. ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. "అమెరికన్ కాన్సులేట్ వాళ్ళు. మీ అన్నయ్యగారికి పన్నెండు రోజులే సెలవు. వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ గురువారం దొరికింది. దానికి ముందు మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి కాబట్టి ఆదివారం తెల్లవారుజామున పెళ్ళి. మా అమ్మ పంతులుగారిని బతిమాలి అదే మంచి ముహూర్తమనిపించింది. ఫొటోల్లో నా కళ్ళు సగం మూసుకునే ఉంటాయి. అరుంధతీ నక్షత్రం చూపించేవేళకి తెల్లారిపోయింది. అమ్మ పోయాక తేజా పెళ్ళి నా చేతిలోకి వచ్చింది. వీడి ముహూర్తం మాత్రం వీసా పెట్టకూడదు అనుకున్నాను. అంతే అమ్మా. నిన్ను ఏడిపించాలని కాదు."

"నాకు తెలుసు వదినా."

"తెలిసి ఏం లాభం. చేసిందంతా నేనే." చంద్రిక కొంగుతో మొహం తుడుచుకుంది. "జూన్ పద్నాలుగు నేను రాయను. మీరూ రాయకండి. ఇవాళ చేసుకుంటే ఇవాళ్టి తేదీ వేసి సంతకం పెడతాను. ఆషాఢమైతే ఆషాఢమే. నాలుగింటికి రాధాకృష్ణగారు ఎలాగూ వస్తున్నారు. పసుపుకొమ్ము నా దగ్గరుంది. ఆగస్టు దాకా ఆగకుండా సోమవారమే అప్లై చేస్తే వరుసలో నెల రోజులు ముందుంటావు."

చంద్రిక నోట ఈ మాట విని దివాకర్ ఆమె వైపు తిరిగి చూశాడు. ఆషాఢంలో కొత్త కుక్కర్ కూడా స్టవ్ ఎక్కించని మనిషి ఆమె. తేజేశ్వర్ మొహంలోకి మాత్రం నిన్నటి నుంచీ లేని వెలుగు వచ్చింది.

"రాగిణీ, అక్కే ఒప్పుకుంది."

రాగిణి నవ్వలేదు.

"నువ్వు నన్ను అడగలేదు తేజా," అంది.

"ఏం అడగాలి? చేసుకుందామనే కదా..."

"టెంపరరీ వీసా అడిగేటప్పుడు, పని అవ్వగానే వెళ్ళిపోతానని చెప్పాలి. పర్మనెంట్ అడిగేటప్పుడు ఇక్కడే ఉండిపోతానని చెప్పాలి. ఇవాళ పెళ్ళి చేసుకుని సోమవారం అప్లై చేస్తే, ఉండిపోతానని నేను కాగితం రాసిచ్చినట్టే. ఆగస్టు తర్వాత ఇంకో కాలేజీలో చేరితే, ఇక్కడే కదలకుండా కూర్చుంటే ఎలాగో నడుస్తుందంది లాయర్. ఒక్కసారి ఇండియా వెళితే మాత్రం మళ్ళీ స్టాంపింగ్ దొరకడం కష్టం. వెళ్ళిపోతానంటే ఎవరు నమ్ముతారు, మొగుడు ఇక్కడున్నాక?"

"కొన్నాళ్ళు వెళ్ళకపోతే..."

"నవంబర్‌లో ఇండియాలో మా చెల్లి కనకానికి కాన్పు. దగ్గరుంటానని దానికి మాటిచ్చాను. ఎన్నేళ్ళు వెళ్ళకూడదో చెప్పు, మానేస్తాను. రెండా? ఐదా? ఎవరైనా ఒక నంబర్ చెబితే నేను లెక్క వేసుకుంటాను." ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి ఆపింది. "పెళ్ళి చేసుకోకపోతే వెళ్ళొచ్చు, మళ్ళీ వీసా అడిగి చూడొచ్చు, వస్తే ఈ ఇంటికి రావచ్చు. చేసుకుంటేనే ఒక తలుపు మూసుకుపోతుంది. నీకు కార్డొచ్చింది తేజా, నాకు సంతోషంగానే ఉంది. నిజంగా ఉంది. కానీ లైన్లో నిలబడేది నేను. ఇందాకటి నుంచీ ముగ్గురూ కలిసి నాకు తేదీలు చెబుతున్నారు. ఒకరు జూన్ అన్నారు, ఒకరు ఇవాళ అన్నారు."

తేజేశ్వర్ ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. ఆమె తీసేయలేదు. అలాగని పట్టుకోనూ లేదు.

"చెప్పు. నేనేం చేయాలి?" అన్నాడు.

"ఇవాళ నాకేం తోచడం లేదు. అదే నిజం."

రాగిణి లైసెన్స్ కాగితాన్ని జాగ్రత్తగా రెండు మడతలు పెట్టింది. పసుపు ఆమె వేళ్ళకి అంటింది. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, పాస్‌పోర్ట్‌లో కాగితాన్ని దోపి, జిప్ లాగింది. ఎవరూ ఆపలేదు.

"ఇది నా దగ్గరుంటుంది వదినా. ఆగస్టు ఇరవై తొమ్మిది దాకా నాకు టైముంది. ఈసారి ముహూర్తం నేను పెడతాను. పెడితే చెబుతాను."

'పెడితే' అన్న మాట దగ్గర తేజేశ్వర్ చెయ్యి ఆమె చేతి మీంచి జారింది.

బయట కారు ఆగింది. మూడో మెట్టు మీద కూర్చున్న హాసిని కిటికీలోంచి తొంగి చూసింది. రాధాకృష్ణగారు పంచె సర్దుకుంటూ దిగుతున్నారు. ఒక చేతిలో పూజ సంచి, ఇంకో చేతిలో ఇండియన్ స్టోర్‌లో కొన్న రెండు పూలదండలు. సంతకం కోసమే రమ్మన్నా, పెళ్ళన్నాక దండలు లేకుండా ఎలా అనుకున్నారు కాబోలు.

"అమ్మా, రాధాకృష్ణ అంకుల్ వచ్చాడు. గార్లండ్స్ కూడా తెచ్చాడు," అంది హాసిని. "లోపలికి రమ్మనాలా? ఏం చెప్పను?"

చంద్రిక లేచింది. పదకొండేళ్ళుగా ఆ ఇంటికి ఎవరు వచ్చినా తలుపు తీసి ఏం చెప్పాలో నిర్ణయించింది ఆమే. రెండడుగులు వేసి, అక్కడే ఆగింది.

"అత్తనడుగు," అంది.